కంచరి బావ, ప్లిమత్ కారు

మా బావ నర్సింహాచారి పోయి ఈ జూన్‌కు ఏడాది నిండింది. టౌరంగాలో ఉన్న తెలుగువాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. "సరోజిని సిస్టర్ వాళ్లాయన" అంటే మాత్రం అందరూ గుర్తుపడతారు. సరోజిని మా అక్క, ఆసుపత్రిలో నర్సు. 2004లో ఉద్యోగం మీద ఈ దేశం వచ్చింది. ఆమె వెనక, భర్త అన్న వీసా మీద, బావ వచ్చాడు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. "మా ఊర్ల ఆడపిల్లను అత్తగారింటికి పంపుతరు. నన్ను న్యూజిలాండ్ పంపిన్రు" అనేవాడు.

ఆయనది జనగామ దగ్గర పెంబర్తి. కంచరి కుటుంబం. వాళ్ల తాతా తండ్రీ ఇత్తడి రేకును లక్క దిమ్మ మీద పరిచి, చిన్న ఉలితో, చిన్న సుత్తితో కొడుతూ అందులోంచి పువ్వుల్నీ ఏనుగుల్నీ పైకి లేపేవారు. బావ కూడా ముప్పై ఏళ్లు అదే పని చేశాడు. ఇక్కడికి వచ్చేటప్పుడు బట్టల పెట్టె కంటే పనిముట్ల సంచీయే బరువని విమానాశ్రయంలో అక్కతో గొడవైంది.

వచ్చిన కొత్తలో ఆ సంచీ పట్టుకుని కార్ల సొట్టలు తీసే షాపులన్నీ తిరిగాడు. ఒకచోట, చేసి చూపించమంటే, పనికిరాని రేకు ముక్క తీసుకుని గంటలో తామరపువ్వు లేపాడు. షాపువాళ్లు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. బ్యూటిఫుల్ అన్నారు. ఆ తర్వాత, ఈ పనిలో సర్టిఫికెట్ ఏదైనా ఉందా అని అడిగారు. లేదు. చివరికి కివీ పండ్లను ఏరి పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో చేరాడు. పదమూడేళ్లు అక్కడ పెట్టెలు కడిగాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. సంచీ గరాజ్‌లో లాన్‌మోయర్ వెనక ఉండిపోయింది.

"ఈ దేశంల పనికి ముందు కాగితం కావాలె. మా బాపుకు సంతకమే రాకపోయె. ఆయన ఈడికొస్తే ఏం చేద్దురో" అన్నాడోసారి. అప్పుడు ఆయన నవ్వలేదు.

అలాంటి మనిషి 2017లో ఒక గురువారం నాకు ఫోన్ చేశాడు. నేను అప్పటికి ఆక్లండ్‌లో, బోటనీ డౌన్స్‌లో ఉంటున్నాను.

"రవీ, శనివారం నువ్వు టౌరంగ వస్తున్నవ్."

"ఎందుకు బావా?"

"వస్తున్నవ్ అని చెప్తున్న. అడుగుతలేను."

వెళ్లాను. కటికటి దగ్గర ఒక కివీ తోటకు తీసుకుపోయాడు. తోట యజమానురాలు ఎనభై ఏళ్ల ముసలామె. వాళ్లమ్మ జామ్ కాచిన రాగి గిన్నెకు చిల్లి పడితే ప్యాక్‌హౌస్‌లో ఎవరో బావ పేరు చెప్పారట. బావ దానికి మాటు వేసి, లోపల కళాయి పూసి ఇచ్చాడు. ఆమె సంతోషపడి, నీకేం కావాలో అడుగు అంటే, ఈయన వాళ్ల షెడ్డులోకి వేలు చూపించాడు.

షెడ్డులో, పాత పండ్ల పెట్టెల కింద, 1955 నాటి ప్లిమత్ కారు ఉంది. అమెరికా బండే కాని, ఈ దేశానికి విడిభాగాలుగా వచ్చి ఇక్కడే బిగించింది కాబట్టి స్టీరింగు కుడివైపు. పైకప్పు నిండా పిచ్చుకల రెట్టలు. నేల రేకు తుప్పు పట్టి, లోపల కూర్చుంటే కింద గడ్డి కనబడుతోంది. బావ తలుపు తీయబోతే పిడి ఊడి చేతికొచ్చింది.

"బావా, దీన్ని పాత ఇనుపోడు కూడా తీస్కపోడు."

"నోర్ముయ్. కూసో ఇట్ల."

స్టీరింగు ముందు ఆయన, పక్కన నేను, సీటు స్ప్రింగుల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే రోడ్డు పెంబర్తి మీదుగానే పోతుంది. ఆయన చిన్నతనంలో ఆ రోడ్డు మీద పెద్ద పెద్ద అమెరికా కార్లు పోయేవి. ఎండాకాలం వాటి రేడియేటర్లు మరిగి కారిపోయేవి. డ్రైవర్లు బండి ఆపి కంచరి ఇంటికొచ్చేవారు. రేడియేటర్ రాగీ ఇత్తడీ కాబట్టి వాళ్ల నాయన టంకం వేసి ఇచ్చేవాడు. ఒక డాక్టరుగారి ప్లిమత్ అలా ఒక పగలంతా వాళ్ల వాకిట్లో నిలబడింది. ఏడేళ్ల బావ ఆ సీట్లో కూర్చుని, తండ్రి సుత్తి చప్పుడు వింటూ నిద్రపోయాడు. సాయంత్రం బండి స్టార్టయితే, వాళ్ల నాయన దాని వెనకే రోడ్డుదాకా నడిచి, అది కనబడకుండా పోయేవరకూ చూశాడట.

"ఈ బండి రోడ్డెక్కాలె రవీ. నా పని మీద ఎక్కాలె" అన్నాడు బావ.

అంతే. కారు మీద మోజు కాదది. బండి రోడ్డెక్కాలంటే సర్కారు ఒప్పుకున్న తనిఖీ మనిషి ప్రతి అతుకూ చూసి కాగితం రాసివ్వాలి. తన చేతిపనికి ఈ దేశంలో ఒక్క కాగితం రావాలన్నది ఆయన కోరిక. అక్కకు అది నాకంటే ముందే అర్థమైంది. పైకి మాత్రం, "నా కారు బయట వానల తడువాలె, ఈ తుప్పు డొక్కు గరాజ్‌ల కూసోవాలె" అని సణిగేది.

రెండేళ్లు పట్టింది. నేను నెలకు రెండు శనివారాలు వెళ్లేవాణ్ని. ఇంజను పని తెలిసినవాళ్లు దొరికారు. రేకు పని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. తుప్పు పట్టిన చోటల్లా కోసి, ఇత్తడి రేకు కత్తిరించి, అంచులు పళ్లలా కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి, నవాసారం చల్లి, తగరం పోసి అతికాడు. బిందెకు అడుగు వేసినట్టు తలుపుల కింది అంచులకూ, నేలకూ ఇత్తడి వేశాడు. వాళ్ల నాయన కార్లకు చేసింది ఆయన కళ్లారా చూశాడు. కారుకు ఇత్తడి పడుతుందన్నది ఆయనకు అనుమానం లేని సంగతి. నాకు తెలియదు. అక్కకు తెలియదు.

"ఏమయ్యా, కారు చేస్తున్నవా, కాగు చేస్తున్నవా?" అనేది అక్క టీ తెచ్చి.

"కాగైతే నీళ్లు పోస్తే తెలుస్తది. కారు గదా, నువ్వు కూసుంటే తెలుస్తది. బరువు ఆగుతదా లేదా అని."

"ఇగో రవీ, మీ బావకు నోరు మల్ల లేచింది" అని అక్క నాతో అనేది. ఆ ఇంట్లో పదమూడేళ్లుగా వినని సుత్తి చప్పుడు ఆమెకు నచ్చిందని ఆమె ముఖం చూస్తే తెలిసేది.

2019లో బండిని ట్రైలర్ మీద ఎక్కించి కైమై కొండలు దాటి హామిల్టన్ తీసుకుపోయాం. తనిఖీ చేసే ఆయన పేరు మర్రే. అరవై ఏళ్ల ఈ దేశపు మనిషి, తక్కువ మాట్లాడతాడు. చేతిలో చిన్న అయస్కాంతం. దాన్ని బండి పొడవునా ఆనిస్తూ వచ్చి, తలుపు కింద ఆనించాడు. అది జారి నేల మీద పడింది. తీసి మళ్లీ ఆనించాడు. మళ్లీ పడింది. లప్పంతో నింపి రంగేశారని అనుకున్నాడేమో, స్క్రూడ్రైవర్‌తో గీశాడు. పసుపుపచ్చగా మెరిసింది.

మర్రే చాలాసేపు అక్కడే గొంతుక్కూచున్నాడు. "మీ పనంత శుభ్రమైన పని నేను ఈ ఏడాది చూడలేదు. కాని ఇదంతా కోసెయ్యాలి" అన్నాడు. గుద్దుకుంటే తగరం అతుకు విడిపోతుంది, ఇనుమూ ఇత్తడీ తడిలో ఒకదాన్నొకటి తినేస్తాయి, బండి బరువు మోసే చోట అంతే మందం ఉక్కు రేకే ఉండాలి, వెల్డింగే చెయ్యాలి. పదకొండు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాడు.

ఇంటికి చేరాక బావ సుత్తులన్నీ సంచీలో వేసి మూతి కట్టేశాడు. నెల దాటినా గరాజ్ తలుపు తీయలేదు. నేను వెళ్లిన శనివారం సోఫాలో కూర్చుని వార్తలు చూస్తున్నాడు.

"ఎవనికన్న ఇచ్చెయ్యి రవీ. విప్పుకుంటరు" అన్నాడు.

అక్క వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది.

"ఎవనికిస్తవయ్యా? నేను నిమ్స్‌ల ఇరవై ఏండ్లు సూదులేసి ఈడికొచ్చిన. ఈల్లేమన్నరు? మల్ల పరీక్ష రాయమన్నరు. నలభై రెండేండ్లకు చిన్న పోరగాళ్ల నడుమ కూసోని సూది ఎట్ల పట్టాల్నో నేర్చుకున్న. నేను ఏడ్సిన్నా? ఏడ్సిన. బాత్రూంల ఏడ్సి వచ్చి రాసిన. నీదేమన్న బంగారు చెయ్యా?"

బావ టీవీ ఆపాడు. "ఇత్తడి చెయ్యే" అన్నాడు. అక్క నవ్వకూడదనుకుని కూడా నవ్వేసింది.

ఆ తర్వాతి వారమే వెల్డింగ్ క్లాసులో చేరాడు. నేర్పేది మెరె అనే ఈ దేశపు మూలవాసి, మావోరీ ఆమె, పోర్టులో ఓడలకు వెల్డింగ్ చేసి చేసి చేతుల నిండా కాలిన మచ్చలు. మొదట్లో బావ వేసిన అతుకు చూసి, "నర్సీ, ఇది పక్షి రెట్టలా ఉంది" అనేదట. నాలుగు నెలలకు, ఆయన వేసింది మిగతావాళ్లకు చూపించడం మొదలుపెట్టింది. ఆమెకు బావ బతుకమ్మ పళ్లెం ఒకటి చేసిచ్చాడు. దాన్ని ఆమె క్లాసు గోడకు తగిలించింది.

పదకొండు చోట్లా తన ఇత్తడిని తనే కోసి తీశాడు. నేను సాయం పడతానంటే వద్దన్నాడు. ఉక్కు వేశాడు. అంతా అయిందనుకున్నప్పుడు, ముందుటద్దం విప్పితే దాని కింద ఎడమ మూల తుప్పు బయటపడింది. మర్రే సుద్ద పెట్టిన చోట్లలో అది లేదు, అద్దం రబ్బరు కింద దాక్కుని ఉంది. పైకప్పును మోసే కంబం వచ్చి బండి నడుముకు కలిసే మూల అది. మూడు వైపులకు మూడు రకాలుగా వంగి ఉంటుంది. ఆ ముక్క కోసం మా అమ్మాయి అమెరికాలో, ఆస్ట్రేలియాలో అన్నిచోట్లా వెతికింది. ఎక్కడా లేదు.

"లేకుంటే ఏమైతది? చేస్త" అన్నాడు బావ.

పెంబర్తి నుంచి తెచ్చిన లక్క ఎప్పుడో గట్టిపడి పనికిరాకుండా పోయింది. ఈయన పోర్టు దగ్గర దించే పైన్ దుంగల నుంచి బంక గీకి తెచ్చాడు. ఇటుక పొడి, కొంచెం నూనె కలిపి కాచాడు. ఇల్లంతా ఆ వాసన పట్టుకుని అక్క కిటికీలన్నీ తెరిచింది. ఆ దిమ్మ మీద ఉక్కు రేకు పరిచి కొట్టడం మొదలుపెట్టాడు. ఇత్తడి చెప్పిన మాట వింటుంది, ఉక్కు వినదు. నాలుగు దెబ్బలకే బిగుసుకుపోతుంది. అప్పుడు దిమ్మ నుంచి ఊడదీసి, ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ పరచాలి. గ్యాస్ మంట పట్టుకునేది నేను. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలితో బండి కుడి మూలను తడిమేవాడు. ఆ వేలు తెచ్చిన లెక్కతో ఎడమ మూలను కొట్టేవాడు. అద్దంలో బొమ్మలాగా తిరగేసి చెయ్యాలి కదా అంటే, "చేతికి అద్దమెందుకురా" అన్నాడు.

ఆరు వారాలు. ముక్క పెట్టి, వెల్డింగ్ చేసి, ఆకురాయితో రుద్దాడు. నన్ను తడిమి చూడమన్నాడు. నాకు ఎక్కడా ఏమీ తగల్లేదు. రంగుకు ముందు వేసే ఎర్ర పూత వేశాక కంటికి అసలే తెలియలేదు.

2021 మార్చిలో మళ్లీ హామిల్టన్. ఈసారి అక్క కూడా సెలవు పెట్టి వచ్చింది. మర్రే పదకొండు చోట్లూ ఒక్కొక్కటే చూశాడు. అయస్కాంతం పట్టుకుంది. సుత్తితో తట్టి చెవి పెట్టి విన్నాడు. అద్దం మూలలు రెండూ తట్టాడు, చేత్తో తడిమాడు, కాగితం మీద ఏదో రాసుకుని ముందుకు పోయాడు. గంటన్నర తర్వాత సంతకం పెట్టి కాగితం బావ చేతిలో పెట్టాడు. చెయ్యి కలిపి లోపలికి వెళ్లిపోయాడు.

నంబరు ప్లేటు వచ్చేదాకా బండి ట్రైలర్ మీదే పోవాలి కాబట్టి నేను తాళ్లు బిగించడానికి వంగాను. బావ కదల్లేదు. ఆ కాగితాన్ని వేలితో ఒక్కో అక్షరం కింద గీస్తూ చదువుతున్నాడు.

"రవీ, ఈడ ఏం రాసిండు?"

చూశాను. అద్దం కింది మూలలు: ఫ్యాక్టరీ రేకు, రిపేరు లేదు.

"అంటే అమెరికా కంపెనీ చేసిందని రాసిండా?"

"అవ్ బావా. నీ పని కంపెనీ పని లెక్కున్నదన్నట్టు. పా, ఎక్కు."

"అది కంపెనీది కాదు. నాది."

"తెలుసు. పా."

"అది మోసే చోటు రవీ. అతుకున్నదని ఆయనకు తెల్వాలె."

నాకు కోపమొచ్చింది. "బావా, నీకు దండం పెడ్త. చెప్తే మల్ల కోయమంటడు. గుండెకు స్టెంటేసి ఏడాది కాలే. మల్ల రెండేండ్లు గొడ్తవా? కాగితం వచ్చింది. నీకు గావల్సింది గదే గదా?"

"ఇది నా కాగితం కాదు" అన్నాడు.

తర్వాత, కోపం లేకుండా, నాకు కాక తనకే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. వాళ్ల నాయన అతికిన బిందెను ఊరికే చేతికిచ్చేవాడు కాదట. తెచ్చుకున్న మనిషి బొటనవేలు పట్టుకుని, బిందె లోపల అతుకు మీద పెట్టి, "ఈడున్నది" అని చెప్పేవాడట. అతుకు ఎంత కనబడకుండా వేస్తే అంత గట్టిగా ఆ వేలు పట్టుకునేవాడట. రేపు నీళ్లు కారితే ఎక్కడ చూడాలో, ఎవరి దగ్గరికి రావాలో వాళ్లకు తెలియాలి.

నేను అక్క వైపు చూశాను, ఆపుతుందేమోనని. ఆమె బావ ముఖం చూసింది. 

"పోనియ్యిరా ఆయన్ను" అంది.

బావ లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. "సర్, పేపర్ రాంగ్. దిస్ కార్నర్, నాట్ ఫ్యాక్టరీ. ఐ మేడ్" అన్నాడు. మర్రే మొదట నవ్వాడు. బావ నవ్వకపోవడం చూసి తనూ ఆపేశాడు. బయటికొచ్చాడు. మూలను వేళ్లతో తడిమాడు. తల అడ్డంగా ఊపాడు. డాష్‌బోర్డు కింది అట్టను విప్పి, టార్చి, పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం తీసుకుని వెల్లకిలా దూరాడు. కాళ్లు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. లోపల ఎక్కడో గీకుతున్న చప్పుడు. ఇరవై నిమిషాలు కావచ్చు. అక్క కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. బావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మర్రే బయటికొచ్చి కూర్చున్నాడు. "లోపలివైపు చెయ్యి పోవడానికే సందు లేదు. అక్కడ వెల్డింగ్ ఎలా చేశావు?"

బావకు ఆ ఇంగ్లీషు చాల్లేదు. ఎడమ చేత్తో, అద్దంలో చూస్తూ, ఎలా వంగి చేశాడో వంగి చూపించాడు. రేకును ఎలా చేశావంటే, అరచేతిని దిమ్మగా పట్టి వేలితో కొట్టి చూపించాడు. తర్వాత, నేను చచ్చినా చెయ్యలేని పని చేశాడు. మర్రే చెయ్యి పట్టుకుని, అట్ట విప్పిన సందులోంచి లోపలికి తీసుకుపోయి, ఆయన బొటనవేలిని అతుకు మీద పెట్టాడు. "హియర్" అన్నాడు.

ఇద్దరూ అలా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కారులోకి వంగి నిలబడ్డారు.

మర్రే తిట్టాడు కూడా. మోసే చోట పని చేసి ముందే చెప్పకపోవడం తప్పు, ఇంకొకరైతే ఫెయిల్ చేసేవారు అన్నాడు. నేను సిగ్గుపడ్డాను, చూస్తే ఆయనకే తెలుస్తుంది, ఆ మూల సంగతి ముందు చెప్పొద్దని బావకు సలహా ఇచ్చింది నేనే. తర్వాత మొదటి కాగితాన్ని చింపి కొత్తది తీశాడు. ముందుటద్దం కింది ఎడమ మూల: ఉక్కు, చేత్తో కొట్టి చేసింది, లోపల చూశాను, గట్టిగా ఉంది. చేసినవారు అన్నచోట ఆగి, పెన్ను బావకిచ్చాడు.

బావ చొక్కాకు చెయ్యి తుడుచుకుని తన పేరు రాశాడు.

ఆ తర్వాత మూడు వేసవులు ఆయన ఆ బండి నడిపాడు. అక్కను డ్యూటీకి దింపేవాడు, కటికటి ముసలామెను తోట చుట్టూ తిప్పేవాడు. ఆకుపచ్చ రంగు వేయించాడు, దసరాకు ఆక్లండ్ తెచ్చాడు. మా అమ్మాయి స్నేహితులంతా దానితో ఫోటోలు దిగారు. ఇప్పుడు బండి అక్క గరాజ్‌లోనే ఉంది. ఆమె కారు బయట వానలో తడుస్తోంది. నేను మాత్రం ఆయన్ని ఆ రంగు బండిలో తలుచుకోను. హామిల్టన్ నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

కైమై కొండ ఎక్కేముందు ఇక్కడ డెయిరీ అని పిలిచే ఒక చిన్న కొట్టు దగ్గర ఆపి, కర్రీపఫ్‌ల లాంటి పైలు కొన్నాం. పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదు. రెండు పైలు తిన్నాడు. అక్క తనది సగం తుంచి ఇస్తే అదీ తిన్నాడు. కాగితం మడవకుండా తొడల మీద పెట్టుకున్నాడు.

"నూనె పడ్తది, ఇటియ్యి" అంది అక్క.

"పడదు."

"పడ్డది సూడు."

చూశాడు. అంచు మీద చుక్క పడింది. చొక్కాతో అద్ది, కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తన హ్యాండ్‌బ్యాగులో, నర్సు రిజిస్ట్రేషన్ కార్డు ఉండే జిప్పులో పెట్టుకుంది.

కొండ మలుపులు మొదలయ్యాయి. బావ పక్క అద్దంలోంచి వెనక ట్రైలర్ మీద ఊగుతున్న ఎర్ర పూత బండినే చూస్తున్నాడు.

"రవీ, జర మెల్లగ పోనియ్యి."

"మెల్లగనే పోతున్న బావా."

"ఇంకింత మెల్లగ."